నొప్పి లేనివాళ్ళ బెంచీ

జూన్ 3

తమ్ముడికి అక్క రాసేది.

ఉత్తరం మొదట్లో ఇక్కడ అందరం క్షేమం అని రాయాలని బళ్ళో నేర్పారు. నేను చదివిన నాలుగు తరగతుల్లో గట్టిగా గుర్తున్నది అదొక్కటే. ఇవాళ అదీ రాయను. ఇక్కడ క్షేమం ఏమీ లేదు.

నువ్వు ఫోన్ చేస్తున్నావని తెలుసు. మోగుతుంటే దానికేసి చూస్తూ కూర్చుంటున్నాను కానీ తీయను. ఫోన్లో అయితే నేనొక మాట అనేలోపు నువ్వు నాలుగు డాక్టరు మాటలు అంటావు, నా నోరు పడిపోతుంది. కాగితం మీదయితే నువ్వు అడ్డం రాలేవు. చివరిదాకా చదివి తీరాలి.

మా వీధి చివరి ఆసుపత్రిలో కట్లు కట్టే నర్సమ్మ నిన్న మా దుప్పట్ల కార్ఖానా గేటు దగ్గర నాకోసం కాచుకుని నిలబడింది. పెద్దాడి కాలికి మొదట్లో కట్లు కట్టింది ఆమే. చెప్పనా వద్దా అని చాలాసేపు నసిగింది. మొన్న మీ దగ్గర డాక్టర్ల సభ జరిగిందటగా, నర్సులను కూడా పిలిచారట. దీపాలార్పి తెర మీద బొమ్మలు వేశారట. ఒక కాలు కనపడిందట. మడమ పక్కన మచ్చ చూడగానే మావాడిదని గుర్తుపట్టిందట. మావాడు బస్సులో డ్రైవరు పక్కన కూర్చుని ఇంజను మూతకు కాలు ఆనించి, కాలుతున్నా తెలియక టికెట్ల లెక్క చూసుకుంటూ ఉండిపోయాడే, ఆ మచ్చ. ఆ తెర పక్కన కర్ర పట్టుకుని నిలబడింది నువ్వట. చెప్పడం అయ్యాక అందరూ చప్పట్లు కొట్టారట.

నా కొడుకు పోయి ఇంకా ఏడాది తిరగలేదు. వాడి కాలు చూపించి నువ్వు చప్పట్లు కొట్టించుకున్నావు.

ఆమె చెప్పి వెళ్ళిపోయింది. నేను మళ్ళీ లోపలికెళ్ళి దుప్పట్లు మడతపెట్టాను. మడతలు వంకరగా ఉన్నాయని మేస్త్రీ అన్నాడు. వాడి ముఖాన కొట్టినట్టు మాట్లాడాను. ఆ మాటలు నీకు తగలాల్సినవి, పాపం వాడికి తగిలాయి.

నాకు ఒక్కటి చెప్పు. తెర మీది బొమ్మ సరే, అసలు కాలు ఎక్కడుంది? మీరు కోసి తీసిన ఆ కాలు. సీసాలో పెట్టారా? అది చూడటానికి కూడా జనం వస్తారా?

నిన్ను చంకనేసుకుని పెంచిన
అక్క


జూన్ 9

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం అందింది. నీ బాధ అర్థం చేసుకోగలను. అయితే కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పాలి.

ఆ సభలో వాడి ముఖం చూపించలేదు. పేరు చెప్పలేదు, నాకు ఏమవుతాడో చెప్పలేదు. వైద్యంలో ఇది మామూలు పద్ధతి. చప్పట్లు ప్రతి ఒక్కరికీ కొడతారక్కా, అది మర్యాద. నా తర్వాత మాట్లాడినాయనకు ఇంకా ఎక్కువ కొట్టారు.

కాలు సీసాలో లేదు. పరీక్ష కోసం ఎముక ముక్క ఒకటి ఉంచుకున్నాం. మిగతాది ఆసుపత్రి పద్ధతి ప్రకారం దహనం చేశారు. ఎముక తీసుకోవడానికి, ఫోటోలు వాడుకోవడానికి వాడు బతికుండగానే ఒప్పుకున్నాడు. నీకు చెప్పే ఉంటాడనుకున్నాను.

వాడికి వచ్చిన జబ్బు సంగతి నీకు సరిగ్గా ఎవరూ చెప్పినట్టు లేరు. ఏళ్ళ తరబడి షుగరు ఉన్నవాళ్ళలో కొందరికి పాదాల నరాలు మొద్దుబారిపోతాయి. అలాంటి పాదంలో ఎముకలు మెత్తబడి, నడుస్తుంటే లోపల్లోపలే చితికిపోతాయి. పైకి వాపు, వేడి తప్ప ఏమీ ఉండదు. మొదట్లో ఎక్స్‌రేలో కూడా తెలియదు. తొలిరోజుల్లోనే పిండికట్టు వేసి, కాలు కింద పెట్టనివ్వకుండా ఉంచితే చాలావరకు నిలబడుతుంది. ఆలస్యమైతే పాదం ఆకారం మారిపోతుంది, అడుగున పుండు పడుతుంది, చీము ఎముకలోకి, అక్కణ్ణించి రక్తంలోకి పోతుంది. మా పరిశోధన దీని మీదే.

కష్టంగా ఉన్నా చెప్పాలి. వాడు ఆలస్యంగా వచ్చాడు. మొదటిసారి చూసినప్పుడు మూడు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నాను. రాలేదు. వచ్చేసరికి చేయిదాటింది.

నీకు నిద్ర పట్టడం లేదేమో. మాత్రలు పంపమంటావా?

తమ్ముడు


జూన్ 15

డాక్టరు గారికి,

మీ మాత్రలు మీరే వేసుకోండి. నిద్ర పట్టాల్సింది నాకు కాదు.

ఆలస్యంగా వచ్చాడా? ఆ మాట చదివి ఉత్తరం అవతల పారేశాను. చిన్నది తీసి మళ్ళీ నా చేతిలో పెట్టింది. "సగంలో ఆపితే సగం కోపమే వస్తుందమ్మా, మొత్తం చదువు," అంది. దాని మాటలన్నీ అన్నవే.

నువ్వు మొదటిసారి చూసిన రోజున నేను ఆ గదిలోనే ఉన్నాను. తలుపు పక్క ఇనప స్టూలు మీద కూర్చున్నాను. నీకు గుర్తుండదు, ఆ రోజు నీ గది సంతలా ఉంది. వాడి పాదం బూరెలా ఉబ్బి ఉంది, ఎర్రగా ఉంది. నువ్వు ఎక్స్‌రేను వెలుతురుకు పెట్టి చూశావు. "ఏం లేదురా, ఎముక గట్టిగానే ఉంది. నొప్పుందా?" అన్నావు. "చీమ కుట్టినంత కూడా లేదు మామయ్యా," అన్నాడు. "అయితే మంచిదే. నొప్పొస్తే రా," అన్నావు. ఆ మూడు వారాల మాట కూడా అన్నావు, కాదనను. కానీ లేచి నిలబడ్డాక, తలుపు దగ్గర, అటు తిరిగి అన్నావు.

నొప్పి తెలియని కాలు. నువ్వే రాశావు, నరాలు మొద్దుబారిపోతాయని. ఆ కాలుకి నొప్పొస్తే రమ్మన్నావు. చెవిటివాడితో నేను పిలిచినప్పుడు పలుకు అన్నట్టు.

వాడు నీ మాట వేదంలా పట్టుకున్నాడు. "కాలు చూడరా, వంకర తిరుగుతోంది," అని నేను మొత్తుకుంటే, "మామయ్య ఏమన్నాడు? నొప్పి లేదుగా అమ్మా," అనేవాడు. బస్సులో పొద్దస్తమానం నిలబడేవాడు. నొప్పి కోసం ఎదురుచూశాడురా వాడు. చుట్టం కోసం ఎదురుచూసినట్టు చూశాడు. అది రాలేదు.

ఇంకోటి విను. మూడు వారాలకు రాలేదని రాశావు. వచ్చాడు. సెలవు పెట్టుకుని మరీ వచ్చాడు. నువ్వు లేవు, ఏదో సభకు వెళ్ళావట. మీ గుమ్మం దగ్గర మనిషి అందరినీ అడిగేది ఒకటే ప్రశ్నట, నొప్పుందా అని. ఉందన్నవాళ్ళకు ముందు బెంచీ. లేదన్నవాళ్ళకు వెనక బెంచీ. వీడు లేదన్నాడు, వెనక బెంచీలో కూర్చున్నాడు. గది మూసేవేళకు నీ కింద పనిచేసే కుర్ర డాక్టరు వచ్చి, "నొప్పి లేకపోతే పరవాలేదు, వెళ్ళు," అన్నాడట. మావాడు జేబులోంచి టికెట్టు చింపినట్టు నటించి, "నొప్పి ఎక్కలేదు సార్, నేను దిగిపోతున్నా," అన్నాడట. ఇంటికొచ్చి ఆ వేషం వేసి చూపించి నవ్వించాడు. నేను కూడా నవ్వాను.

వాడు ఆలస్యంగా రాలేదు. మీరు వెనక్కి పంపారు. ఆ సంగతి తెర మీద వేశావా? దానికి చప్పట్లు కొట్టారా?

ఎముక ముక్కకు వాడు ఒప్పుకున్నాడని రాశావు. నేను నమ్మను. వాడు నాకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగడు. పోయినవాడు వచ్చి కాదనడని ఎన్నయినా అంటారు.

ఇంకేముంది. వీధి కుళాయి మళ్ళీ పాడయింది. చిన్నది చెప్పుల కొట్లో నిచ్చెన దిగుతూ కాలు మెలిపెట్టుకుంది, పాదం కాస్త వాచింది. దానికీ అన్నలాగే చిన్నప్పటి నుంచీ షుగరు కదా, ఏదొచ్చినా నాకు పై ప్రాణాలు పైనే పోతాయి. నొప్పేం లేదంటోంది, అదొక్కటే అదృష్టం. వేడినూనెతో తోమి, బిగుసుకుపోకుండా నడిపిస్తున్నాను. దాన్ని మాత్రం చచ్చినా నీ గుమ్మం తొక్కనివ్వను. ఒక కాలు ఇచ్చాను, చాలు.

పెద్దాడి అమ్మ


జూన్ 18

అక్కా,

మిగతావాటికి తర్వాత జవాబు రాస్తాను. ముందు ఇది చదువు. చదివిన వెంటనే చెయ్యి.

తోమడం ఆపు. వేడి ఏదీ పెట్టకు. నడిపించొద్దు. ఆ పాదం నేల మీద పెట్టనివ్వద్దు, స్నానాల గదికి కూడా. నీ అరచేతి వెనకవైపు ముందు ఒక పాదం మీద, తర్వాత రెండో పాదం మీద పెట్టి చూడు. వాచిన పాదం వేడిగా అనిపిస్తే అది మెలిక కాదు.

నొప్పి లేదనడం అదృష్టం కాదు. అదే నా భయం.

చిన్నదానికి ఫోన్ చేశాను. "నొప్పి లేదు మామయ్యా, కొట్లో జనం ఉన్నారు," అని పెట్టేసింది. అక్కడ ఎక్స్‌రే తీయించి బాగుందంటే నమ్మొద్దు. వెంటనే ఇక్కడికి తీసుకురా. కట్టు నేనే వేస్తాను. ఉత్తరం చేరేసరికి మీరు బయల్దేరకపోతే నేనే వస్తాను.

తమ్ముడు


జూన్ 25

తమ్ముడికి,

వచ్చావు. చూశావు. వెళ్ళావు. ఊరంతా చూసింది.

నిన్ను గడప బయట ఎండలో నిలబెట్టినందుకు నాకేం సిగ్గు లేదు. ఎదురింటి దర్జీ కుట్టుమిషన్ ఆపి మరీ చూశాడు. చూడనీ. "అక్కా, తలుపు తియ్యి," అని నువ్వంటుంటే లోపల నాకు చిన్నప్పటి నీ గొంతే వినపడింది. అందుకే తీయలేదు. తీస్తే కోపం పోతుందేమోనని భయమేసింది. ఇప్పుడు నాకున్న ఆస్తి ఆ కోపమే.

తలుపు తీసింది చిన్నది. నువ్వు బూట్లు విప్పి గడప మీదే కూర్చున్నావు. దాని పాదాలు రెండూ నీ ఒళ్ళో పెట్టుకుని, చేయి తిరగేసి అటొకసారి ఇటొకసారి ఆనించి చూశావు. తర్వాత నా వంక చూసి, "ఇవాళే కట్టు వేయాలక్కా," అన్నావు. నేను నా నోటికొచ్చింది అన్నాను. "ఇంకో కాలు కావాలా నీ తెరకి?" అన్నాను. అన్నందుకు బాధలేదు. నువ్వు బదులు చెప్పకుండా బూట్లు తొడుక్కున్నావే, దానికే మండింది.

నీ రెండో ఉత్తరం, అదే ఆ చిన్న చీటీ, చదివినప్పటి నుంచీ నా లోపల ఒకటే తిరుగుతోంది. నేను పెద్దాడి గురించి అంత రాస్తే, తర్వాత రాస్తానని ఒక్క ముక్కలో తీసేశావు. వాడి గురించి తర్వాత, కొత్త కాలు గురించి ముందు. అంతేనా? పోయినవాడితో పని తీరిపోయిందా?

సరే, ఇది అడుగుతున్నాను. సూటిగా చెప్పు. చిన్నదానికి నొప్పి లేదు, అయినా కట్టు వేయాలన్నావు. ఎక్స్‌రే బాగున్నా నమ్మొద్దన్నావు. చేయి ఆనించి వేడి చూశావు. మరి పెద్దాడికి ఇవేమీ ఎందుకు చేయలేదు? వాడి పాదమూ ఇలాగే ఉబ్బింది, ఇలాగే ఎర్రబడింది. నువ్వు దాన్ని ముట్టుకోను కూడా లేదు. ఆ రోజు నీకిది తెలుసా, తెలియదా? తెలియకపోతే నువ్వు డాక్టరువెందుకు? తెలిసీ చేయకపోతే నువ్వు నా తమ్ముడివెందుకు?

ఈ ప్రశ్నకు జవాబు వచ్చేదాకా నేను దాన్ని నీ దగ్గరకు తీసుకురాను. మా నర్సమ్మకు చూపించాను. ఆవిడా కట్టే అంటోంది, కానీ పాదానికి అతుక్కునేలా వేసే ఆ కట్టు తనకు రాదట, మీ దగ్గరే వేస్తారట. ఇంకెక్కడా లేదా అంటే తల అడ్డంగా ఊపింది. ఎటు తిరిగినా నీ గుమ్మమే.

నూనె మానేశాను. అది నువ్వు చెప్పావని కాదు, నూనె అయిపోయింది.

అక్క


జూన్ 30

అక్కా,

నువ్వు గడప బయట నిలబెట్టినందుకు నాకు కోపం లేదు. కానీ వేరే కోపం ఉంది, దాచను. ఆ పిల్ల పాదం నా చేతిలో నిప్పులా ఉంది. ఆ ఎముకలు ఇవాళ్టికి నిలబడి ఉన్నాయి. ఎల్లుండి ఉంటాయో ఉండవో. ఒక జవాబు కోసం నువ్వు వాటిని తాకట్టు పెట్టావు. నన్ను తిట్టు, కొట్టు, మొహం మీద తలుపు వెయ్యి. నీ పంతం నా మీద తీర్చుకో, దాని ఎముకల మీద కాదు.

జవాబు అడిగావు. తెలుసు, చదువుకున్నాను. పరీక్షలో ఈ జబ్బు మీద ప్రశ్న వస్తే రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఆ రోజు గుర్తు రాలేదు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. వాడు నవ్వుతున్నాడు. బయట తొడ విరిగిన మనిషి ఒకడు గోడలు అదిరేట్టు అరుస్తున్నాడు. నేను ఆ అరుపు వైపు లేచాను. అంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు. దొరికుంటే మొదటి ఉత్తరంలోనే రాసేవాణ్ణి.

మా కుర్ర డాక్టరును అడిగాను. గుర్తుందట, టికెట్టు చింపిన కండక్టరు. ఎందుకు పంపించావురా అంటే, "మీరు నేర్పిందే కదా సార్, నొప్పి లేనివాళ్ళు ఆగగలరని," అన్నాడు.

ఇప్పుడు ఆ సభ సంగతి. గుమ్మం దగ్గర ఆ ప్రశ్న మార్చమని, వాడి కాలు తీసినప్పటి నుంచీ నేను మా పెద్దలను అడుగుతూనే ఉన్నాను. షుగరున్నవాళ్ళను నొప్పి అడిగి విడదీయొద్దు, రెండు పాదాల వేడి చూసి విడదీద్దాం అన్నాను. రుజువులు కావాలన్నారు. అందుకే పాదాలు వరసగా చూసుకుంటూ వస్తున్నాం. ఎవరి పాదం ఎంత వేడిగా ఉంది, కట్టు ఎప్పుడు వేశాం, ఎవరి ఎముకలు నిలిచాయి, ఎవరివి నిలవలేదు. అవన్నీ ఆ రోజు చెప్పాను. చివర వాడి కాలు చూపించాను, నొప్పి లేదు కదా అని వదిలేస్తే ఏమవుతుందో చూడండని. ముఖం లేకుండా, పేరు లేకుండా. చప్పట్లు కొట్టారు, భోజనాలకు వెళ్ళారు. వెనక బెంచీ వెనకే ఉంది.

ఎముక ముక్క సంగతి నమ్మనన్నావు. నేను ఇంకేం చెప్పను. చిన్నది అప్పుడు మంచం పక్కనే ఉంది.

దాన్ని పరిశోధనలో చేర్చుకోను. కట్టుకీ దానికీ ముడి లేదు. కట్టు వేయించుకోవడానికి రండి, అంతే. నేను వేస్తే ఇష్టం లేదంటే ఇంకొకరి చేత వేయిస్తాను. నేను ఆ గదిలో కూడా ఉండను.

ఇంకోటి. బాగున్న పాదాన్ని కూడా రోజూ చూడు. అది బాగుందని ఆ పిల్ల చెప్పడం కాదు, నువ్వు చూడాలి.

తమ్ముడు


జూలై 6

తమ్ముడికి,

నీ ఉత్తరం వచ్చిన రోజు దాన్ని నేను మూడుసార్లు చదివాను. మొదటిసారి తిట్టుకుంటూ చదివాను. రెండోసారి చదువుతుంటే తొడ విరిగినవాడి అరుపు నాకూ వినపడింది. మూడోసారికి మళ్ళీ తిట్టుకున్నాను. అరవనివాడు నీ మేనల్లుడురా. అరిచేవాడి దగ్గరకు ఎవడైనా వెళతాడు.

అబద్ధం రాయలేదని మాత్రం తెలిసింది. అందంగా రాయలేదు కాబట్టి.

చిన్నదాన్ని నిలదీశాను. మీ అన్న కాలు ఇస్తానన్నాడా అని. చెప్పింది. కాలు తీసిన మర్నాడు వాడు నిన్ను పిలిచి, "తీసిందాన్ని ఏం చేస్తారు మామయ్యా? పారేసేదయితే చదువుకోండి. నేనెటూ చదువుకోలేదు, నా కాలైనా కాలేజీకి వెళుతుంది," అన్నాడట. నువ్వు బయటికెళ్ళి చాలాసేపు రాలేదట. అమ్మకు చెప్పొద్దని దీనితో ఒట్టు వేయించుకున్నాడట. నాకు చెప్పకుండా మంచినీళ్ళు కూడా తాగడని గొప్పగా రాశాను కదా నీకు. నాకు తెలియకుండా కాలే ఇచ్చేశాడు. వాడిమీద కూడా కోపం వచ్చింది. పోయినవాడి మీద కోపం వస్తే ఎక్కడ పెట్టుకోవాలో ఎవరైనా చెబితే బాగుండు.

అసలు సంగతి ఇంకా రాయలేదు. చెయ్యి అటు పోవడం లేదు.

నిన్న చిన్నది నా మాట వినకుండా కొట్టుకు వెళ్ళింది. వాచిన కాలు స్టూలు మీద పెట్టుకుని గల్లా దగ్గర కూర్చుంటానంది. ఎక్కువరోజులు రాకపోతే యజమాని ఇంకొకరిని పెట్టుకుంటానన్నాడట. సాయంత్రం వచ్చింది, బాగానే ఉన్నానంది, నవ్వుతోంది. నువ్వు రాశావు కదా అని బాగున్న పాదం చూద్దామని పట్టుకున్నాను. "అది బాగుందమ్మా, దాన్నెందుకు చూస్తావ్, దిష్టి తగులుతుంది," అంది.

మడమలో మేకు ఉంది. చెప్పులకు అడుగు బిగించే చిన్న మేకు. తలదాకా దిగిపోయి ఉంది. మేజోడు చుట్టూ తడిసి ఎండిపోయింది. దాని మీదే కుంటుతూ కొట్టంతా తిరిగి, బస్సెక్కి, ఇంటిదాకా నడిచొచ్చింది. నేను దాన్ని పట్టుకుని లాగుతుంటే అది నా ముఖంలోకి చూస్తోంది, ఏమైందమ్మా అని. నా చేతిలో మేకు చూసి, "ఎవరిది?" అంది.

ఎవరిది అని అడిగింది.

అప్పుడు నాకు అర్థమైంది. నువ్వు రాసిన కాగితాలన్నీ ఒకెత్తు, ఆ ఒక్క మాట ఒకెత్తు. కేక పెట్టాల్సింది అది. పెట్టింది నేను. ఎదురింటి దర్జీ పరుగెత్తుకొచ్చాడు. నర్సమ్మ వచ్చి కడిగి, కట్టు కట్టి, ఇంజెక్షన్ చేసి వెళ్ళింది. నువ్వు చెప్పినట్టు రెండు పాదాల మీదా చేయి ఆనించాను. ఆ వేడి తేడా తెలియడానికి డాక్టరు కానక్కరలేదు. నువ్వు ఆ రోజు ఒక్కసారి వాడి పాదం మీద చేయి వేసి ఉంటే, అని మళ్ళీ మొదలైంది లోపల. అది ఆగదు. ఆగుతుందని నువ్వు కూడా అనుకోకు.

మంగళవారం దాన్ని తీసుకుని వస్తున్నాను. దర్జీ తన కొడుకు ఆటో మాట్లాడాడు, వెనక సీట్లో కాళ్ళు చాపి పడుకోబెడతాం. కింద ఒక్క అడుగు కూడా పెట్టనివ్వను. కట్టు నువ్వే వెయ్యి. గదిలోంచి వెళ్ళిపోతానని రాశావే, అక్కర్లేదు. తప్పించుకోవడానికి నీకు మంచి దారి దొరికిందనుకున్నావేమో. నువ్వే వెయ్యి, నేను పక్కన కూర్చుని చూస్తాను. దానితో మాట్లాడు, నాతో మాట్లాడకు. నేను పలకను.

పరిశోధన సంగతి అడిగితే, "రాసుకోనీ అమ్మా, అన్నయ్య ఇవ్వలేదా," అంది. కాలు దానిది, ఇష్టం దానిది. నేను అడ్డం రాను.

నాదొక్కటే అడగడం ఉంది. అడగడం కాదు, చెబుతున్నాను.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అది పిల్లల్ని కననివాడెవడో కట్టిన సామెత. గుక్కపట్టి ఏడ్చేవాడు బతికే ఉన్నాడని తల్లికి తెలుసు. చప్పుడు చేయకుండా పడుకున్నవాడి దగ్గరకే ముందు పరుగెడుతుంది, ఊపిరి ఆడుతోందా అని. మీ గుమ్మం దగ్గర ఈపాటి తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరా? మీ పెద్దలకు రుజువులు ఎప్పటికి చాలతాయో నాకు తెలియదు. సభలు పెట్టుకోండి, తెరలు కట్టుకోండి. ఈలోపు ఒక బెంచీ జరపడానికి ఎవరి చప్పట్లు కావాలి నీకు?

మేము వచ్చినప్పుడు గుమ్మం దగ్గర మనిషి అడుగుతాడు, నొప్పుందా అని. లేదని చెప్పమన్నాను చిన్నదానితో. డాక్టరు గారి అక్కనని నేను చెప్పను. వెళ్ళి వెనక బెంచీలో కూర్చుంటాం. నువ్వు ముందు అక్కడికి రావాలి. మాకోసం కాదు. అక్కడ మాకంటే ముందు నుంచీ కూర్చున్నవాళ్ళుంటారు, నొప్పేం లేదు బాబూ అని నవ్వుతూ కూర్చున్నవాళ్ళు. మొదటివాడి దగ్గర కింద కూర్చుని, వాడి చెప్పులు నువ్వే విప్పి, రెండు పాదాలూ నీ చేత్తో చూడు. తర్వాత రెండోవాడిది. ముందు బెంచీలో ఎవడు ఎంత అరిచినా సరే. మా వరస వచ్చినప్పుడు మా దగ్గరకు రా.

ఒక్కరిని దాటి ముందు నా కూతురి దగ్గరకు వచ్చావో, దాని పాదం నీకివ్వను.

చిన్నదాని అమ్మ